ఊడ్నదత్తా ట్రాక్‌లో స్నేహితులతో మూడు కారవాన్లు: ఏం సర్దాలి, ఎలా నడపాలి

దక్షిణ ఆస్ట్రేలియాలో మర్రీ నుంచి మార్లా దాకా దాదాపు 620 కిలోమీటర్ల మట్టిరోడ్డు ఊడ్నదత్తా ట్రాక్. 1980లో మూసేసిన పాత ఘాన్ రైలు మార్గాన్ని అంటిపెట్టుకుని సాగుతుంది. పొడిగా ఉన్నప్పుడు అంత కష్టమైన రోడ్డేం కాదు. కానీ చాలాచోట్ల షెడ్డు పైకప్పు రేకులా అడ్డంగా అలలు తిరిగి ఉంటుంది. కారుగేషన్లంటే ఇవే. ఇక్కడ కారవాన్‌ని (కారు వెనక తగిలించి లాగే ఇల్లులాంటి బండి) చెడగొట్టేది దూరమో ఇసుకో కాదు, గంటల తరబడి ఆగని అదురు.

మే నుంచి సెప్టెంబర్ లోపే వెళ్లండి. అక్కడ జనవరి ఎండాకాలం, ఊడ్నదత్తాలో 1960 జనవరి 2న 50.7 డిగ్రీల ఎండ నమోదైంది. అద్దె కారవాన్ అయితే మట్టిరోడ్డుకి అనుమతి ఉందో లేదో ఒప్పందంలో ముందే చూసుకోవాలి. చాలావాటికి ఉండదు.

ఇంధనం: మర్రీ, విలియం క్రీక్, ఊడ్నదత్తా, మార్లా. వీటి మధ్య ఒక్కో అంచె సుమారు 200 కిలోమీటర్లు. కారవాన్ లాగుతూ మట్టిలో వంద కిలోమీటర్లకి 20 నుంచి 22 లీటర్ల డీజిల్ వేసుకోండి. అంచెకి 45 లీటర్లు చాలనిపిస్తుంది గానీ, ముందు దారి మూసేస్తే వెనక్కి రావాలి కదా! 90 లీటర్లు చేతిలో లేకుండా ఏ ఊరూ దాటొద్దు.

తాగునీళ్లు మనిషికి రోజుకి 5 లీటర్లు. నలుగురికి నాలుగు రోజుల ప్రయాణం, వానకి ఇరుక్కుంటే ఇంకో రెండు రోజులు, మొత్తం 120 లీటర్లు. అన్నీ కారవాన్ ట్యాంకులోనే పోయకండి. ఒక్క రాయి పైపుకి తగిలితే ఖాళీ అవుతుంది. కనీసం 40 లీటర్లు విడిగా క్యాన్లలో ఉండాలి.

బరువు విషయంలో ఎక్కువమంది తప్పేది వెనక భాగంలోనే. టో బాల్ (కారవాన్‌ని తగిలించే కారు వెనక గుండు) మీద పడే బరువు మొత్తం కారవాన్ బరువులో పదో వంతు దగ్గర ఉండాలి. 2,500 కిలోల బండికి 250. వెనక బంపర్‌కి సైకిళ్లు, జెనరేటర్ తగిలిస్తే ముందు బరువు తేలిపోయి, వేగంలో బండి తోకలా ఊగుతుంది.

మెల్‌బోర్న్ నుంచి మిల్డూరా మీదుగా వచ్చేవాళ్లు పచ్చిమిర్చి, టమాటాలు, నిమ్మకాయలు తెచ్చుకోకండి. పండు ఈగ భయంతో దక్షిణ ఆస్ట్రేలియాలోకి వచ్చే దారిలో యాంబా దగ్గర తనిఖీ ఉంటుంది, జరిమానా కూడా. పోర్ట్ అగస్టాలో కొనుక్కోండి. ఆవకాయ గాజు సీసాలో వద్దు, మర చుట్టే ప్లాస్టిక్ డబ్బాలో పోసి, దాన్ని ఇంకో సంచిలో పెట్టండి. కూల్‌డ్రింక్ క్యాన్లు పక్కపక్కనే పేరిస్తే ఒకదాన్నొకటి రాసుకుని సాయంత్రానికి సూదిబెజ్జాలు పడతాయి. మధ్యలో తువ్వాలు కుక్కండి. కుక్కర్ వెయిట్ తీసి డ్రాయర్‌లో పెట్టడం మరవొద్దు.

మర్రీ దాటే ముందు చేయాల్సినవి:

1. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి నాలుగో వంతు తగ్గించాలి. హైవేలో కారవాన్‌కి 45 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉంటే 34. గాలి తగ్గిస్తే వేగమూ తగ్గాలి, గంటకి 60 నుంచి 70 కిలోమీటర్లు చాలు. రెండు గంటల తర్వాత కొలిస్తే 6 పీఎస్ఐ కంటే ఎక్కువ పెరిగిందా, గాలి మరీ తక్కువైనా అయ్యుండాలి, బరువో వేగమో ఎక్కువైనా అయ్యుండాలి.
2. కారు వెనక అద్దానికి బయట అట్టముక్క టేపుతో అతికించండి. కారు టైర్లు ఎగరేసిన రాళ్లు కారవాన్ ముందు భాగాన్ని కొట్టి వెనక్కి ఎగిరొస్తాయి. ఇక్కడ పగిలే అద్దాల్లో ఎక్కువ అవే.
3. గ్యాస్ బండ వాల్వు కట్టేసి, కారవాన్ కింది గాలి కన్నాలకి దుమ్ము రాకుండా టేపు వేయండి. సాయంత్రం స్టవ్ వెలిగించే ముందు ఆ టేపు తీయకపోతే ప్రాణాపాయం. స్టవ్ నాబ్ మీదే ఎర్ర రిబ్బన్ కట్టుకుంటే గుర్తుంటుంది.

ప్రతి ఆగుడులోనూ చక్రం మధ్య హబ్‌కి చేయి దగ్గరగా పెట్టి చూడండి. మిగతావాటికంటే ఒకటి బాగా వేడిగా ఉంటే బేరింగ్ పోతోంది, లేదా బ్రేక్ పట్టేస్తోంది. మొదటి 100 కిలోమీటర్లకి వీల్ నట్లు మళ్లీ బిగించాలి. అదురుకి అవి వదులవుతాయి.

మూడు బండ్లుంటే దుమ్ము తేరుకునేంత దూరం పాటించండి, గాలి లేని రోజు అది కిలోమీటరు దాటొచ్చు. ముందు బండి యూహెచ్ఎఫ్ రేడియోలో (బండ్ల మధ్య మాట్లాడుకునే రేడియో) ఎదురొచ్చే రోడ్ ట్రైన్ (చాలా ట్రైలర్లు లాగే లారీ) గురించి చెబుతుండాలి. ఆ లారీలు 50 మీటర్లు మించి ఉంటాయి. ఎడమకి తగ్గి, వేగం బాగా తగ్గించి పోనివ్వడమే. చీకటి పడ్డాక నడపొద్దు, కంగారూలూ పశువులూ రోడ్డు మీదే ఉంటాయి.

వాన పడితే ఈ మట్టి జిగటబంక. మూసేసిన రోడ్డు మీద వెళ్తే పెద్ద జరిమానా, పైగా మీ చక్రాలు చేసిన గాడులు ఎండాక రోడ్డు ఇంకా పాడవుతుంది. కవర్డ్ స్ప్రింగ్స్ లాంటి క్యాంపులో రెండు రోజులు ఆగండి. బండి దారిలో ఆగిపోతే దాన్ని వదిలి నడవకండి. ఊళ్ల మధ్య ఫోన్ పనిచేయదు కాబట్టి శాటిలైట్ ఫోనో, బీకనో (ఆపదలో సాయం కోసం సంకేతం పంపే పరికరం) ఒకటైనా ఉండాలి.

మార్లాలో తారురోడ్డు ఎక్కే ముందు గాలి మళ్లీ 45కి ఎక్కించి, చక్రాల లోపల ఎండిన మట్టి గడ్డలు రాలగొట్టండి. అవి ఉంటే చక్రం బ్యాలెన్స్ తప్పి 90 దగ్గర స్టీరింగ్ వణుకుతుంది.