స్టాండ్‌బైలో వృథా అయ్యే కరెంటును పట్టుకోవడం ఎలా?

రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక టీవీ కింద ఉన్న సెట్‌టాప్ బాక్సు మీద ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. రిమోట్‌తో ఆపేసి గంటలు గడిచినా వెచ్చగానే ఉంటుంది. ఆ వెచ్చదనం మన కరెంటే. తెల్లవార్లూ ఎవరికీ పనికిరాకుండా పోతుంది, నెలాఖరుకి బిల్లులో మాత్రం కనిపిస్తుంది.

రిమోట్‌తో ఆపినప్పుడు వస్తువు నిజంగా ఆగదు. మళ్లీ రిమోట్ నొక్కితే పలకడానికి లోపల కొంత భాగం మేలుకునే ఉంటుంది. దీన్నే స్టాండ్‌బై అంటారు. పది వాట్లు చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, రోజుకి 24 గంటల చొప్పున 30 రోజులు లెక్కేస్తే 7.2 యూనిట్లు. అలాంటివి ఇంట్లో నాలుగుంటే 29 యూనిట్లు.

"చార్జరు ఆపు, చార్జరు ఆపు" అని పిల్లల మీద కేకలేస్తాం కదా, అసలు దొంగ చాలా ఇళ్లలో అది కాదు. ఫోన్ తీసేశాక ఖాళీగా ఉన్న మంచి చార్జరు సాధారణంగా అర వాట్ కూడా తీసుకోదు. అందుకే ముందు కొలవాలి, ఆ తర్వాతే ఆపాలి. కొలవడానికి ఏమీ కొనక్కర్లేదు, మన మీటరే చాలు.

1. మీటరు లైటును లెక్కపెట్టండి

ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. దాని దగ్గరే 3200 అనో 1600 అనో ఒక అంకె ముద్రించి ఉంటుంది. ఆ లైటు అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్ కాలినట్టు.

రాత్రిపూట ఫ్యాన్లు, లైట్లు, మోటారు అన్నీ ఆపేయండి. ఫ్రిజ్ కంప్రెసర్ మధ్యలో ఆన్ అయితే లెక్క తప్పుతుంది కాబట్టి దాన్నీ ఆ పది నిమిషాలు ఆపండి. పని అయ్యాక మళ్లీ వేయడం మరిచిపోకండి, పాలు విరిగిపోతాయి! ఇన్వర్టర్ ఉన్నవాళ్లు కరెంటు పోయి వచ్చిన రోజున ఈ పరీక్ష పెట్టుకోవద్దు. అది బ్యాటరీని చార్జ్ చేస్తూ బాగా లాగుతుంది.

టీవీ, సెట్‌టాప్ బాక్సు, ఏసీ, మైక్రోవేవ్ లాంటివి రోజూ ఎలా వదిలేస్తారో అలాగే వదిలేయండి. ఇప్పుడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, లైటు ఒకసారి వెలిగాక మళ్లీ వెలగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. మీటరు మీద 3200 ఉంటే 1125ని ఆ సెకన్లతో భాగించండి. 1600 ఉంటే 2250ని భాగించండి. వచ్చిందే వాట్లు.

మా ఇంట్లో మొదటిసారి చూసినప్పుడు 25 సెకన్లు వచ్చింది. 1125ని 25తో భాగిస్తే 45 వాట్లు, అంటే నెలకి 32 యూనిట్లు. ఒక్క ఫ్యాను తిరగడం లేదు, ఒక్క లైటు వెలగడం లేదు. ఆ అంకె చూసి నిజంగానే బాధేసింది.

2. ఒక్కొక్కటే ఆపుతూ దొంగను పట్టుకోండి

ఇప్పుడు ఒక్కో వస్తువునీ గోడ దగ్గరి స్విచ్‌తో ఆపి, ప్రతిసారీ లైటును మళ్లీ కొలవండి. మాకు సెట్‌టాప్ బాక్సు ఆపగానే 25 సెకన్లు కాస్తా 34 అయ్యాయి. అంటే అదొక్కటే 12 వాట్లు. ఇద్దరుంటే సులువు: ఒకరు స్విచ్ దగ్గర, ఒకరు మీటరు దగ్గర. పిల్లల్ని స్టాప్‌వాచ్ పట్టుకోమనండి, ఆ తర్వాత మీరు చెప్పకుండానే వాళ్లే స్విచ్‌లు ఆపుతారు.

3. టీవీ దగ్గర స్విచ్ చేతికి అందేలా చేయండి

మన ప్లగ్‌లకి గోడ మీదే స్విచ్ ఉండటం పెద్ద సదుపాయం. చాలా దేశాల్లో ప్లగ్ పీకాల్సిందే. అయినా మనం ఎందుకు ఆపం? ఆ స్విచ్ టీవీ వెనకో, టీవీ పెట్టే అల్మరా వెనకో ఉండి చెయ్యి దూరదు కాబట్టి. టీవీ, సెట్‌టాప్ బాక్సు, హోమ్ థియేటర్ మూడింటినీ స్విచ్ ఉన్న మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి, ఆ బోర్డును చేతికందే చోట బిగించండి. లేదా ఎలక్ట్రీషియన్‌ని పిలిచి స్విచ్‌ని పక్కకి జరిపించండి. పడుకునే ముందు ఒక్క స్విచ్, అంతే. ఏసీ, గీజర్, ఇస్త్రీ పెట్టెలను మాత్రం ఈ బోర్డుకి అస్సలు పెట్టకూడదు.

పొద్దున సెట్‌టాప్ బాక్సు మళ్లీ లేవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. పెద్దవాళ్లు భక్తి ఛానల్ కోసం ఎదురుచూస్తూ విసుక్కుంటారు. వాళ్లకి ముందే చెప్పి, కాఫీ పెట్టుకునేటప్పుడే స్విచ్ వేసేయండి.

స్మార్ట్ టీవీ సెట్టింగుల్లో "క్విక్ స్టార్ట్" లాంటిది ఉంటే ఆపేయండి. అది టీవీని సగం మెలకువలోనే ఉంచుతుంది. అది లేకపోతే ఈ మధ్య టీవీలు స్టాండ్‌బైలో చాలా తక్కువే తీసుకుంటాయి. ఐరోపాలో స్టాండ్‌బైకి 2010లో ఒక వాట్, 2013లో అర వాట్ పరిమితి పెట్టాక తయారీదారులు దారికొచ్చారు. ఓఎల్ఈడీ టీవీ ఉంటే మాత్రం చూసిన వెంటనే స్విచ్ ఆపకండి. తెరను సరిచేసుకోవడానికి దానికి కాసేపు స్టాండ్‌బై కావాలి.

4. ఏసీ స్టెబిలైజర్

దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు. ఏసీ ఆపినా స్టెబిలైజర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా హమ్మంటూనే ఉంటుంది. చలికాలంలో ఏసీ ముట్టుకోని నెలలన్నీ అది ఊరికే తింటుంది. వేసవిలో రిమోట్‌తో ఆపాక రెక్క పూర్తిగా మూసుకుని, లోపలి ఫ్యాను ఆగేదాకా ఉండి, అప్పుడు మెయిన్ స్విచ్ ఆపండి. వర్షాలు మొదలయ్యాక ఇక ఆపేసే ఉంచండి.

మిగతావి: మైక్రోవేవ్ గడియారం కోసం స్విచ్ వేసి ఉంచక్కర్లేదు. కంప్యూటర్, మానిటర్, స్పీకర్లు, ప్రింటర్ ఒకే బోర్డుకి పెట్టి షట్‌డౌన్ అయ్యాక ఆపండి. దోమల మందు మెషీన్ పగలంతా వెలుగుతోందేమో చూసుకోండి. ఫ్రిజ్, ఇన్వర్టర్, సీసీ కెమెరా, దానికి కావలసిన వైఫై రౌటర్ జోలికి వెళ్లొద్దు.

ఈ యూనిట్లు శ్లాబు అంచున ఉన్నప్పుడు మరీ ముఖ్యం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 టారిఫ్ ప్రకారం 126 నుంచి 225 వరకు యూనిట్ 6 రూపాయలైతే, 226 నుంచి 8.75. తెలంగాణలో గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం ఉన్న ఇంట్లో 200 దాటిన నెల జీరో బిల్లు రాదు. 210 దగ్గర ఆగుతున్నవాళ్లకి ఆ పది యూనిట్లూ స్టాండ్‌బైలోనే దొరకవచ్చు.

నెల తర్వాత మళ్లీ మీటరు ముందు నిలబడండి. సెట్‌టాప్ బాక్సు, హోమ్ థియేటర్, రెండు స్టెబిలైజర్లు ఆపాక మా లైటు ఇప్పుడు 70 సెకన్లకి ఒకసారి వెలుగుతోంది. 16 వాట్లు. అది రౌటరు, ఇన్వర్టరు.