జర్మనీలో తొలి ఏడాది – నాలుగో పాఠం: ఎనిమిదో గంట నడుస్తోంది

మూడో పాఠంలో టెర్మీన్ గురించి, అంటే ముందుగా సమయం తీసుకుని వెళ్లే పద్ధతి గురించి చెప్పుకున్నాం. ఆ పాఠం చదివి, ధైర్యం చేసి ఫోనులో జర్మన్‌లోనే మాట్లాడి సమయం తీసుకున్న కొందరు, సరిగ్గా గంట ఆలస్యంగా వెళ్లి గుమ్మం దగ్గరి నుంచే వెనక్కి వచ్చామని రాశారు. ఆ తప్పు నాది. సమయానికి వెళ్లమని చెప్పాను గాని, ఇక్కడివారు ఆ సమయాన్ని నోటితో ఎలా చెబుతారో చెప్పలేదు. అందుకే ఈ వారం రావలసిన చెత్తబుట్టల పాఠాన్ని వెనక్కి జరిపాను.

ఇరవై నాలుగు గంటల లెక్క మనకు రైల్వే టైంటేబుల్ నుంచే అలవాటు కనుక దాని జోలికి పోను. కాగితం మీద 19:30 అని ఉంటే చిక్కేమీ లేదు. చిక్కంతా మాటలో ఉంది.

"హల్ప్ అఖ్ట్" అంటే మాటకు మాట "సగం ఎనిమిది". ఇంగ్లీషు మీడియంలో చదివిన మన చెవికి అది "హాఫ్ పాస్ట్ ఎయిట్" లాగా వినిపిస్తుంది. కాని అది ఏడున్నర. ఎనిమిదిలోంచి అరగంట తీసివేయమని చాలామంది నేర్పుతారు. ఆ పద్ధతి నాకు నచ్చదు, ఎందుకంటే ఫోనులో కంగారుపడుతున్న మనిషికి ఆ తీసివేత గుర్తుకు రాదు. తెలుగులోనే ఇంతకన్నా మంచి దారి ఉంది. ఏడేళ్లు నిండి ఆరు నెలలైన పిల్లవాడిని చూపించి మన అమ్మమ్మలు "వీడికి ఎనిమిదో ఏడు నడుస్తోంది" అంటారు. జర్మన్ గడియారానిదీ అదే లెక్క: ఏడు కొట్టగానే ఎనిమిదో గంట మొదలవుతుంది, అందులో సగం గడిస్తే హల్ప్ అఖ్ట్. మన "ఏడున్నర" నిండిన గంటలను లెక్కపెడుతుంది, వారి మాట నడుస్తున్న గంటను పట్టుకుంటుంది.

ఇది మనసుకు పడితే మిగతావి వాటంతట అవే వస్తాయి. "ఫ్యున్ఫ్ ఫోర్ హల్ప్ అఖ్ట్" అంటే ఆ సగానికి ఐదు నిమిషాల ముందు, 7:25. "ఫ్యున్ఫ్ నాఖ్ హల్ప్ అఖ్ట్" అంటే 7:35. సాక్సనీ వంటి తూర్పు రాష్ట్రాల్లోనూ, దక్షిణాన చాలాచోట్లా "ఫిర్టెల్ అఖ్ట్" అంటే ఎనిమిదో గంటలో పావు గడిచింది, 7:15. "డ్రై ఫిర్టెల్ అఖ్ట్" అంటే ముప్పావు గడిచింది, 7:45.

ఆ సాక్సనీలోనే ఉన్న లైప్‌జిగ్‌లో అద్దె ఇల్లు చూడటానికి నన్ను ఒకసారి "ఫిర్టెల్ జెక్స్"కు రమ్మన్నారు. అంటే 5:15. నేను పావు తక్కువ ఆరనుకుని 5:45కు చేరేసరికి, ఇంటావిడ తాళం వేసి, తాళంచెవుల గుత్తి చేతిలో పట్టుకుని మెట్లు దిగుతున్నారు. ఆ ఇల్లు నాకు దక్కలేదు. ఆనాటి నుంచి ఏ సమయం చెప్పినా దాన్ని ఇరవై నాలుగు గంటల లెక్కలోకి మార్చి తిరిగి అడుగుతున్నాను: "జీప్‌త్సేన్ ఊర్ ఫ్యున్ఫ్‌త్సేన్?", అంటే 17:15కేనా అని. అవతలివారు "గెనావ్" (సరిగ్గా అంతే) అంటేనే ఫోను పెడతాను. ఇలా అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు.

విద్యార్థులకు ఒక్క మాట. విశ్వవిద్యాలయం టైంటేబుల్‌లో 10 పక్కన "సి.టి." అని ఉంటే తరగతి 10:15కు మొదలవుతుంది, "ఎస్.టి." అని ఉంటే 10 గంటలకే. ఈ పావుగంట వెసులుబాటు తరగతులకే గాని డాక్టరు దగ్గర గాని, ఆఫీసుల్లో గాని పనికిరాదు.

అభ్యాసం: వారం రోజులపాటు ఫోనులో సమయం చూసుకున్న ప్రతిసారీ దాన్ని పైకి మూడు విధాలుగా చెప్పండి: తెలుగులో, నడుస్తున్న గంట లెక్కలో, ఇరవై నాలుగు గంటల లెక్కలో. ఆ తరువాత క్షవరానికో, పళ్ల డాక్టరుకో, మీకు నిజంగా అవసరమైన ఒక టెర్మీన్‌ను యాప్‌లో కాకుండా ఫోనులోనే తీసుకుని, వారు పలికిన మాటలను పలికినట్టే తెలుగు లిపిలో రాసుకుని నాకు పంపండి.

చెత్తబుట్టల పాఠం వచ్చే వారం. అంతవరకు ఖాళీ అయిన ఆవకాయ సీసాను, దాని మూతను పారేయకుండా ఉంచండి.