పాట కింద పేర్లు చదవండి

కొత్త గాయకులు దొరకడం లేదని అనిపిస్తే, మీకు బాగా ఇష్టమైన పాత పాటే తీసి, దాన్ని పాడినవాళ్ల పేర్లన్నీ చదవండి. అందులో తెలియని పేరు ఒకటి పట్టుకుని వెతకండి. 1959 నాటి 'జయభేరి' సినిమాలో 'మది శారదాదేవి మందిరమే' పాటను నేను ఘంటసాల గారి కోసమే వినేవాడిని. ఒకరోజు పేర్లు చూస్తే ఆయనతో పాటు పి.బి. శ్రీనివాస్, రఘునాథ్ పాణిగ్రాహి ఉన్నారు. పాణిగ్రాహి గారిది ఒడిశాలోని మన గుణుపురమే! పర్లాకిమిడిలో రైలెక్కితే వెళ్లే ఊరు. ఎంత సంతోషం వేసిందో! ఆ పేరుతో వెతికితే జయదేవుని గీతగోవిందం దొరికింది. ఇప్పుడు తెల్లవారితే అందులోని పాటలు, ఆ అష్టపదులే వింటున్నాను.

ఇంకో మాట. ఒడిశా సరిహద్దులో మన వైపు చాలామందికి ఒడియా చదవడం వచ్చు కదా, ఫోన్ కీబోర్డులో ఒడియా కూడా పెట్టుకోండి. పేరును తెలుగులో, ఇంగ్లీషులో, ఒడియాలో మూడు రకాలుగా టైప్ చేసి చూడండి. ఒక లిపిలో కనిపించని పాత రికార్డింగు ఇంకో లిపిలో దొరకవచ్చు. దొరికాక షఫుల్ ఆపేసి, ఆల్బమ్ మొత్తం వరుసగా వినండి.