ఆటిజం పిల్లలకు టీఎంఎస్, టీడీసీఎస్: అడ్వాన్సు కట్టే ముందు, మిషన్ ముందు కూర్చోబెట్టే ముందు

హనుమకొండలోనో కరీంనగర్‌లోనో ఎవరైనా కంప్యూటర్ మీద రంగురంగుల బ్రెయిన్ మ్యాప్ చూపించి, "కోత లేదు, మత్తు లేదు, ముప్పై సిట్టింగులైతే పిల్లగాడు మాట్లాడుతడు" అంటే డబ్బు కట్టకుండా లేచి రావచ్చు. ఆ మ్యాప్‌తో ఆటిజాన్ని నిర్ధారించలేరు. మాట వస్తుందని హామీ ఇవ్వడానికి తగిన ఆధారమూ లేదు.

ఈ సిట్టింగులు రెండు రకాల యంత్రాలతో చేస్తారు: తల మీద అయస్కాంతంతో మెదడును ప్రేరేపించే టీఎంఎస్, తడి స్పాంజీలతో తలలోకి చాలా తక్కువ కరెంటు పంపే టీడీసీఎస్. టీఎంఎస్ యంత్రం 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో తయారైంది. మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని 2008లో పెద్దల డిప్రెషన్‌కు, 2018లో ఓసీడీకి (వద్దన్నా వదలని ఆలోచనలు, చేసిందే మళ్లీ చేయించే జబ్బు) అనుమతించింది. ఆటిజానికి అలాంటి అనుమతి లేదు. చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం తగ్గిందనీ, ధ్యాస కొంత పెరిగిందనీ చెప్పే చిన్న చిన్న అధ్యయనాలు ఉన్నాయి. కానీ 2020లో వెలువడిన టొరంటో ప్రయోగంలో 16 నుంచి 35 ఏళ్ల వాళ్లు 40 మందికి 20 హెర్ట్జ్‌తో, అంటే సెకనుకు 20 సార్లు, నాలుగు వారాలు టీఎంఎస్ ఇచ్చి చూస్తే, అసలు చికిత్సకూ ఉత్తుత్తి చికిత్సకూ మొత్తం మీద తేడా కనిపించలేదు. కాబట్టి ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. పరిశోధనకు ఉండాల్సిన షరతులన్నీ అడిగి తీసుకోవాలి.

మొదట అడగాల్సింది సీటీఆర్ఐ నంబరు. దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ (మనుషుల మీద చికిత్సలను పరీక్షించే ప్రయోగాలు) నమోదయ్యే రిజిస్ట్రీ అది. నంబరు చేతికి రాగానే వెబ్‌సైట్‌లో వెతికి రెండు విషయాలు పోల్చండి: ట్రయల్ జరిగే చోట్లలో ఈ ఆసుపత్రి ఉందా, మీ పిల్లవాడి వయసు అందులో పడుతుందా. 10 ఏళ్లు దాటినవాళ్ల ట్రయల్ నంబరు చూపించి 5 ఏళ్ల పిల్లవాడిని కూర్చోబెడితే ఆ నంబరు మీకు వర్తించదు. ట్రయల్‌లో పరీక్షిస్తున్న చికిత్సకు ఫీజు తీసుకోకూడదు. సమ్మతి పత్రం తెలుగులో ఇమ్మనండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం 7 ఏళ్లు దాటిన పిల్లల ఒప్పుదల కూడా తీసుకోవాలి. మాట రాని పిల్లవాడు చెవులు మూసుకున్నా, చేయి లాక్కున్నా వద్దన్నట్టే లెక్క.

రెండు యంత్రాలను ఒకటే అనుకోవద్దు. టీఎంఎస్‌లో ఎనిమిది అంకె ఆకారపు కాయిల్ అయస్కాంత క్షేత్రంతో మెదడులో కరెంటు పుట్టిస్తుంది. 1 హెర్ట్జ్‌తో ఇస్తే ఆ భాగం సాధారణంగా మందగిస్తుంది, 5 దాటితే చురుకవుతుంది. ఎంత బలంగా ఇవ్వాలో తేల్చడానికి ముందు బొటనవేలు కదిలే స్థాయిని కొలుస్తారు. అది కొలవకుండా అందరికీ ఒకే అంకె పెట్టేచోట ఆగకండి. టీడీసీఎస్‌లో ఉప్పునీటిలో తడిపిన రెండు స్పాంజీల మధ్య, సాధారణంగా 20 నిమిషాలు, చాలా తక్కువ కరెంటు పోతుంది: పెద్దలకు 2 మిల్లీ ఆంపియర్ల దాకా, పిల్లలకు చాలాచోట్ల 1 దగ్గర. పిల్లల పుర్రె పలచన, తల చిన్నది. అదే కరెంటు వాళ్ల మెదడుకు ఎక్కువగా చేరుతుంది. ఆన్‌లైన్‌లో దొరికే టీడీసీఎస్ కిట్లు ఇంట్లో పెట్టకూడదన్నది ఇందుకే.

టీఎంఎస్‌తో అసలు భయం ఫిట్స్. అరుదే, కానీ ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ మామూలు పిల్లల కన్నా ఎక్కువ. చిన్నప్పుడు జ్వరంలో వచ్చిన ఫిట్స్, చూపు నిలిపి క్షణాలపాటు ఆగిపోవడం, తలలో షంట్ (మెదడులో చేరిన నీటిని బయటికి తీసే గొట్టం), కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం చెవిలో అమర్చే పరికరం), వాడుతున్న ప్రతి మందూ చెప్పండి. చిరాకు, మొండితనం తగ్గడానికి ఇచ్చే రిస్పెరిడోన్ లాంటి మందులు ఫిట్స్ అవకాశాన్ని కొంత పెంచగలవు. అలాగని ఏ మందూ మీ అంతట మీరు ఆపొద్దు. ఫిట్స్ మందు వాల్‌ప్రోయేట్ హఠాత్తుగా మానితే దానివల్లే ఫిట్స్ రావచ్చు. నిద్ర తక్కువైనా ప్రమాదమే. వరంగల్ నుంచి సికింద్రాబాద్‌కు తెల్లవారుజామున రైలెక్కించి అదే పూట సిట్టింగ్ పెట్టించడం మంచిది కాదు. ముందు రోజే వెళ్లి పడుకోబెట్టండి, లేదా మధ్యాహ్నం టైం అడగండి. జ్వరం ఉంటే ఆ రోజు వద్దు.

సిట్టింగ్ రోజు తలస్నానం చేయించి, నూనె పెట్టకండి. కొబ్బరినూనె ఉన్న తల మీద టీడీసీఎస్ స్పాంజీకి కరెంటు సరిగా అందదు, కరెంటుకు అడ్డు ఎక్కువుందని మిషన్ చూపిస్తుంది. అప్పుడు కొందరు స్పాంజీని గట్టిగా నొక్కి కడతారు, అది తప్పు. స్పాంజీ ఆరితే చర్మం కాలుతుంది, మరీ తడిస్తే నీళ్లు కారి కరెంటు పక్కకు పోతుంది. మధ్యలో మళ్లీ సెలైన్ చుక్కలు వేయమనండి. దురద, ఎరుపు మామూలే; మంట అంటే వెంటనే ఆపించాలి. పేను పుండ్లు, గజ్జి ఉన్నచోట స్పాంజీ పెట్టకూడదు. టీఎంఎస్‌కైతే చెవిపోగులు, గొలుసు, లోహపు తాయెత్తు తీసేయండి. కాయిల్ టక్కుటక్కుమంటుంది, చెవులకు రక్షణ తప్పనిసరి. పెద్దల ఇయర్‌ప్లగ్‌లు పిల్లల చెవుల్లో నిలవవు, పైన పెట్టే ఇయర్‌మఫ్ అడగండి.

శబ్దం, తడి, తల మీద పట్టీ ఈ పిల్లలకు భరించరానివి కావచ్చు. రెండు వారాల ముందు నుంచే ఇంట్లో తడి స్పాంజీ నుదుటి మీద పెట్టి మెత్తటి పట్టీ కట్టండి. మొదట అర నిమిషం, తర్వాత కొద్దికొద్దిగా పెంచండి. కాయిల్ చప్పుడు రికార్డు చేసుకుని సెల్‌లో తక్కువ సౌండ్‌తో వినిపించండి. ఏడుస్తుంటే పట్టుకుని కూర్చోబెట్టాల్సి వస్తే ఆ సిట్టింగ్ మానేయండి.

ఫలితం చూడటానికి మొదలుపెట్టక ముందే రెండు ప్రవర్తనలు ఎంచుకోండి, ఉదాహరణకు చేతులాడించడం, రాత్రి లేవడం. రోజూ ఒకే పూట లెక్క రాసుకోండి, కనీసం మూడు వారాలు ముందు, తర్వాత కూడా. చికిత్స సంగతి తెలియని టీచరుతో విడిగా రాయించండి. అంత కష్టపడి తిప్పిన అమ్మానాన్నలకు మార్పు కనిపించడం సహజం, పైగా మూడు నెలల్లో పిల్లవాడు తనంతట తానే కొంత ఎదుగుతాడు. ఆ మధ్యలో కొత్త మందు, కొత్త థెరపీ మొదలుపెడితే దేనివల్ల మారిందో తెలియదు. నడుస్తున్న స్పీచ్, ఆక్యుపేషనల్ థెరపీలు, భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) వెళ్లడం మాత్రం ఆపొద్దు.

ఫిట్స్ వస్తే కాయిల్ తీయించి, పిల్లవాడిని పక్కకు తిప్పి పడుకోబెట్టి టైం చూడండి. నోట్లో చెంచా, చేతిలో తాళాలు పెట్టొద్దు. క్లినిక్‌లో ఫిట్స్ ఆపే మందు మిడజోలమ్, ఆక్సిజన్, అవి ఇవ్వగల డాక్టరు ఉండాలి. మొదటి రోజే అడిగి చూసుకోండి. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయండి.