కథతో కలుపు - 3వ పాఠం: చీమ దాకా అడగడం

పోయిన పాఠంలో బస్తీ పెద్దవాళ్ల దగ్గర కథలు పోగుచేశాం. ఇప్పుడు ఒకదాన్ని బస్తీ గొడవలు తీర్చే పనిలో పెడదాం. అందరికీ వచ్చిన కథే కావాలి కాబట్టి రాజుగారి ఏడు చేపలే తీసుకుంటున్నాను.

ఒక చేప ఎండలేదు. ఎందుకంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది. మోపును ఆవు మెయ్యలేదు, ఆవును జీతగాడు విప్పలేదు, జీతగాడికి అవ్వ బువ్వ పెట్టలేదు, అవ్వను కదలనీయకుండా పిల్లాడు ఏడ్చాడు, పిల్లాణ్ణి చీమ కుట్టింది. చీమనడిగితే “నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?” అంది.

ఇక్కడ చూడాల్సింది రాజకొడుకుని. చేపను తిట్టడు, ఆవును కొట్టడు. అందరినీ ఒకే గొంతుతో ‘ఎందుకు’ అని అడుగుతూ పోతాడు. జీతగాడి దగ్గర ఆగి ఉంటే వాడి జీతం కోసేవారు, అవ్వ దగ్గర ఆగితే ఆమెకు చీవాట్లు పడేవి. మన పంచాయితీలు చాలావరకు ఆ జీతగాడి దగ్గరే ముగుస్తాయి.

సాధన ఇది. కమ్యూనిటీ హాల్లోనో ఎవరి వరండాలోనో గుండ్రంగా కూర్చోండి. చేప నుంచి చీమ దాకా మాట్లాడేవాళ్లు ఏడుగురు, అడిగేవాళ్లు ఒకరు. మొదటి విడత కథను ఉన్నదున్నట్టు ఆడండి. నవ్వులు రావాలి. రాకపోతే రెండో విడతకు పోవద్దు, చాయ్ తాగి మళ్లీ ఆడండి.

రెండో విడతలో బస్తీ గొడవే కథ. నల్లా తగాదా అనుకుందాం.

“మోటారు ఎందుకు బిగించావు భాయ్?”
“మా ఇంటికొచ్చేసరికి నీళ్లు సన్నగా వస్తున్నాయి.”
“సన్నగా ఎందుకొస్తున్నాయి?”
“ముందిళ్లవాళ్లు సంపులు నింపుకుంటున్నారు.”
“సంపు ఎందుకు నింపుతున్నావక్కా?”
“మళ్లీ నల్లా ఎప్పుడొస్తదో ఎవరికి ఎరుక?”
“ఎందుకు ఎరుకలేదు?”
“లైన్‌మన్ టైం చెప్పడు.”

దొరికాడు దొంగ అని ఇక్కడే ఆగారో, మీరూ జీతగాణ్ణి పట్టుకున్నట్టే. లైన్‌మన్‌నూ పిలిచి కూర్చోబెట్టండి, అతని చీమ ఎక్కడుందో చెప్పుకోనివ్వండి. నల్లాకు మోటారు బిగించడం తప్పే. కానీ ఆ మాట ఆట మధ్యలో ఎత్తితే నోళ్లు మూతపడతాయి.

ఉర్దూ మాట్లాడే ఇళ్లవాళ్లను వాళ్ల బాసలోనే చెప్పనివ్వండి. ‘కైకూ?’ (ఎందుకు?) అంటే హైదరాబాద్‌లో అర్థంకానివాళ్లెవరు? నింద వేసినవాళ్లకు చీమ వేషం ఇవ్వండి. పుట్టను కాపాడుకునేవాళ్ల మాట వాళ్ల నోటితోనే పలకాలి. గొంతులు లేస్తే ఆపడానికి బుర్రకథలో హాస్యం చెప్పే వంతలాంటి మనిషిని ఒకరిని ముందే చూసుకోండి. బస్తీకొకరు ఉండనే ఉంటారు. దెబ్బలు తగిలి కేసుదాకా పోయిన గొడవ మీద మాత్రం ఈ ఆట ఆడకండి.

కులీ కుతుబ్ షా, భాగమతిల ప్రేమకథ చెప్పొచ్చా అని కొందరు అడిగారు. అది జరిగిందా లేదా అన్నదాని మీద చరిత్రకారులకే ఏకాభిప్రాయం లేదు. కలపడానికి కూర్చున్నచోట ఇంకో వాదం ఎందుకు? పక్కన పెట్టండి.

దానికి బదులు వచ్చే పాఠానికి 1908 మూసీ వరద. ఆ సెప్టెంబర్ 28న ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. కవి అమ్జద్ హైదరాబాదీ అదే వరదలో తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకున్నాడు. ఎవరి మతం వాళ్లదే, మునిగింది మాత్రం అందరూ. ఈ వారం ఆ చెట్టు చూసి రండి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో వరదలూ కరువుల ముచ్చట్లు తెలిసిన ముసలివాళ్లుంటే ఒకటే అడగండి: ఆ రాత్రి ఎవరింట్లో తిన్నారు? వాళ్లు చెప్పింది చెప్పినట్టు, మీ మాట కలపకుండా రాసుకుని తెండి.