రెండో రోజుకే ఐస్ కరిగిపోకుండా

ఫ్రెండ్స్‌తో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో రెండు మూడు రోజులు ఎల్లోఫిన్ ట్యూనా వేటకు వెళ్తే, గాలానికి చేప పడటం కంటే కూలర్లో ఐస్ నిలవడమే పెద్ద టెన్షన్.

రెండు లీటర్ల సీసాల్లో నాలుగు వేళ్ల ఖాళీ వదిలి నీళ్లు పోసి, రెండు రోజుల ముందే ఫ్రీజర్లో పెట్టండి. బయల్దేరే ముందు రాత్రి కూలర్లో ఒక బ్యాగ్ ఐస్ వేసి మూసేస్తే గోడలు చల్లబడతాయి. పొద్దున ఆ నీళ్లు పారబోసి, అడుగున గడ్డకట్టిన సీసాలు, పైన చిన్న ముక్కల ఐస్ వేయండి. కూల్‌డ్రింకులకు వేరే కూలర్ తప్పదు, మనవాళ్లు ఊరికే మూత తీస్తూనే ఉంటారు.

చేప పడగానే మొప్పల దగ్గర కోసి రక్తం పోనివ్వండి, పేగులు తీసేయండి. రెండు బకెట్ల ఐస్‌కి ఒక బకెట్ సముద్రపు నీళ్లు కలిపి అందులో ముంచండి. ఉప్పు వల్ల ఆ నీళ్లు సున్నా డిగ్రీల కంటే కిందికి దిగుతాయి, చల్లదనం చేపకు అన్నివైపులా తగులుతుంది.

ఒడ్డుకొచ్చాక కోసిన ముక్కల్ని మాత్రం ఆ నీళ్లలో వేయకండి, నీళ్లు పీల్చి మెత్తబడతాయి. జిప్ కవర్లో పెట్టి ఐస్ మీద ఉంచాలి. ఒక్క సీసాలనే నమ్ముకున్నా పని జరగదు. అవి చల్లదనాన్ని నిలుపుతాయి గానీ, అప్పుడే పట్టిన వెచ్చటి ట్యూనాను త్వరగా చల్లార్చలేవు.