గేమ్ పెట్టెల ఉబ్బిన మూలలకు లప్పం

సముద్రపు తేమ తగిలే శ్రీకాకుళం, పలాస ప్రాంతాల్లోని పాత వీడియో గేమ్ పెట్టెలకు (పార్లర్లలో నిలబడి ఆడే ఆర్కేడ్ యంత్రాల చెక్క పెట్టెలకు), అందులోనూ 2018 తిత్లీ తుపానులో తడిసినవాటికి, ముందుగా పాడయ్యేవి నేలకు ఆనే కింది మూలలే. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు నీరు పీల్చి, నానిన అటుకుల్లా ఉబ్బి, వేలితో నొక్కితే రాలిపోతుంది. దానిపై నేరుగా లప్పం పూయడం దండగ. గట్టి చెక్క తగిలేవరకు ఉలితో చెక్కి, బాగా ఆరనిచ్చి, పలుచని ఎపాక్సీని (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురును) ఇంకనివ్వాలి.

సన్న గీతలకు నీళ్లతో కలిపే చెక్క లప్పం చాలును గాని, విరిగిన మూలకు కార్ల డెంటింగ్ షాపుల్లో వాడే పాలియెస్టర్ లప్పమే నా దృష్టిలో మేలు. అందులో దానిని గట్టిపరిచే హార్డెనర్‌ను లప్పం బరువులో సుమారు 2 శాతం కలుపుతారు. మన ఎండలకు అది మరీ త్వరగా బిగుస్తుంది కనుక ఉదయం పూట కొద్దికొద్దిగా కలుపుకోవడం మంచిది. ప్యాకింగ్ టేపు అంటించిన పలకను అంచుకు ఆనించి బిగించి, మట్టానికి కాస్త ఎత్తుగా నింపి, గోరు దిగే దశలోనే మిగులును కత్తితో కోసివేస్తే ఉప్పుకాగితం పని సగం తగ్గుతుంది. అంచు ప్లాస్టిక్ పట్టీ దిగే గాడి పూడిపోతే, లప్పం పూర్తిగా గట్టిపడ్డాక దానిని మళ్లీ కోయవలసి ఉంటుంది.